ముల్లంగి దుంపలో దాచిన కత్తి

దారి పక్కన నీళ్లలో కొందరు ఆడవాళ్లు ముల్లంగి దుంపలు కడుగుతూ ఉంటారు. చెక్కబండిలో పసివాడిని కూర్చోబెట్టి తోసుకుంటూ ఒక సమురాయ్ ఆ దారినే నింపాదిగా వస్తాడు. అతను దగ్గరికి రాగానే ఆ దుంపలు గాలిలోకి లేచి అతని మీదికి దూసుకువస్తాయి. కడుగుతున్నవాళ్లు పల్లెపడుచులు కారు, అతన్ని చంపడానికి కాచుకున్న హంతకులు. తెల్లని ఆ దుంపల లోపల కత్తులున్నాయి.

1972లో వచ్చిన ఒక జపనీస్ చిత్రంలోని ఈ సన్నివేశాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క తెలియదు. చూసిన ప్రతిసారీ మొదటిసారి కలిగిన సంతోషమే కలుగుతుంది. ఆ సంతోషాన్ని నేను చాలా ఏళ్లపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

జపాన్ సినిమాలంటే నాకు ఇష్టమని తెలిసినవాళ్లు నీకు నచ్చిన దర్శకులెవరని అడిగితే, నా నోటి వెంట యసుజిరో ఓజు, కెంజి మిజొగుచి, అకిరా కురొసావా పేర్లే వచ్చేవి. అందులో అబద్ధమేమీ లేదు. ఓజు చిత్రంలో కూతురికి పెళ్లి చేసి పంపిన తండ్రి రాత్రి ఒంటరిగా కూర్చుని యాపిల్ తొక్క తీసే దృశ్యం ఈరోజుకీ నా కళ్లు తడిచేస్తుంది. కానీ ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నేను మళ్లీ మళ్లీ చూసినవి ఆ చిత్రాలు కావు. తెగిన చేతికి మెషిన్‌గన్ బిగించుకున్న బడిపిల్ల, కత్తులూ తుపాకులూ దాచిన పసిపిల్లల బండి, ఇద్దరు మనుషుల పగతో భూగోళం పేలిపోయే పతాక సన్నివేశం, నా రాత్రులు వీటితో గడిచాయి. ఉన్నతమైన చిత్రాల పేర్లు పగలు చెప్పుకుని, ఈ చిత్రాలను రాత్రి చాటుగా చూడటంలో ఏదో అపచారం చేస్తున్నట్టు అనిపించేది.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక మిత్రుడు హాస్టల్ గదికి ఒక డిస్క్ తెచ్చాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో 'సమురాయ్' అని మాత్రమే రాసి ఉంది. కురొసావా చిత్రం కాబోలనుకుని ఆరుగురం కూర్చున్నాం. తీరా చూస్తే అది 1980లో అమెరికాలో విడుదలైన 'షోగన్ అసాసిన్'. జపాన్‌లో వచ్చిన ఒక చిత్రమాలికలోని మొదటి రెండు భాగాలను కత్తిరించి కలిపి, ఆంగ్ల సంభాషణలు పెట్టి, పసివాడి గొంతుతో కథ చెప్పించి తయారుచేసిన చిత్రం అది. అరగంటలో నలుగురు లేచి వెళ్లిపోయారు. డిస్క్ తెచ్చిన మిత్రుడు నిద్రపోయాడు. నేను మాత్రం చివరిదాకా కదలలేదు. ఆ తర్వాత అసలు జపనీస్ చిత్రాలు సంపాదించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఆ చిత్రమాలిక పేరు 'కోజురే ఓకమి', అంటే పిల్లను వెంటబెట్టుకున్న తోడేలు. కజువో కొయికే రాయగా గొసెకి కొజిమా బొమ్మలు గీసిన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, దీనికి ఆధారం. 1972 నుంచి 1974 వరకు ఆరు చిత్రాలు వచ్చాయి, అందులో నాలుగు 1972 ఒక్క ఏడాదిలోనే విడుదలయ్యాయి. జపాన్‌ను ఏలే సైన్యాధిపతి అయిన షోగన్ కొలువులో శిరచ్ఛేదం చేసే అధికారి ఒగామి ఇత్తో. యగ్యూ వంశంవాళ్లు కుట్ర పన్ని అతని భార్యను చంపించి, అతని మీద రాజద్రోహం మోపుతారు. అప్పుడతను ఇంకా నడక కూడా రాని కొడుకు దాయిగొరో ముందు ఒక బంతినీ ఒక కత్తినీ పెడతాడు. బంతిని ముట్టుకుంటే పిల్లవాడిని తల్లి దగ్గరికి పంపేస్తాడు, అంటే తన చేతులతోనే చంపేస్తాడు. కత్తిని ముట్టుకుంటే ఇద్దరూ కలిసి రాక్షసమార్గంలో నడుస్తారు. పాకుతూ పాకుతూ పిల్లవాడు కాసేపు బంతి వైపు చూస్తాడు. ఆ చూపు ఉన్నంతసేపూ మన ఊపిరి మన దగ్గర ఉండదు. చివరికి వాడి చెయ్యి కత్తి మీద పడుతుంది.

ఇంత బరువైన ఘట్టంతో మొదలైన కథ ఆ తర్వాత ఎక్కడెక్కడికి వెళుతుందో చెబితే నమ్మడం కష్టం. ఆ చెక్కబండి పిడుల నుంచి ఈటెలు మొలుస్తాయి, చక్రాల పక్కన కత్తులు తెరుచుకుంటాయి. మూడో చిత్రం చివర దాని ముందు భాగంలో వరసగా బిగించిన తుపాకీ గొట్టాలు ఒక సైన్యం మీద గుండ్లు కురిపిస్తాయి. ఆరో చిత్రంలో మంచు కొండల మీద యుద్ధం జరుగుతుంది. శత్రువులు స్కీల మీద జారుతూ వస్తారు, బండికి చక్రాల బదులు జారుడుచెక్కలు అమరుతాయి. రెండో చిత్రంలో ఒక స్త్రీ యోధురాలు ఒగామికి వెన్ను చూపకుండా, ముఖం అతని వైపే ఉంచి, వెనక్కి వెనక్కి పరుగెత్తి కనుమరుగవుతుంది. వీటిలో ఒక్కటి కూడా జరిగే పని కాదు. అయినా చూస్తున్నంతసేపూ అది జరగదన్న ఆలోచనే రాదు. ఒగామిగా నటించిన తొమిసబురో వకయామా ముఖంలో అలాంటి సందేహం లేకపోవడమే దానికి కారణమని నేను అనుకుంటాను. ఆయన స్థూలకాయుడు, కళ్లు సగం మూసుకున్నట్టుంటాయి, మాట చాలా తక్కువ. అంత బరువైన మనిషి కత్తి దూసినప్పుడు చూపే వేగం నిజమైనది, సాధనతో వచ్చినది. బండిలో తుపాకులున్నా, ఎదుటివాడు ఇనుప గోళ్ల చేతితొడుగు వేసుకుని వచ్చినా, ఆయన ముఖం మారదు. మొదటి మూడు చిత్రాలూ అయిదోదీ తీసిన కెంజి మిసుమి కూడా కెమెరాను అంతే గంభీరంగా నిలబెట్టాడు. గడ్డిపరకల మీద గాలి, నీటి మీద వెలుగు, తర్వాత హఠాత్తుగా నెత్తురు.

రెండో చిత్రం ముగింపు ఇసుక తిన్నెల మీద జరుగుతుంది. ముగ్గురు అన్నదమ్ముల్లో చివరివాడి మెడ తెగుతుంది. వాడు వెంటనే పడిపోడు. మెడ అలా తెగినప్పుడు చలిగాలి ఈలవేసినట్టు ఒక ధ్వని వస్తుందని విన్నాననీ, ఎప్పటికైనా ఒకరిని అలా నరికి ఆ ధ్వని వినాలని ఆశపడ్డాననీ, ఇప్పుడు అది తన మెడ నుంచే వినవలసివచ్చిందనీ చెప్పి కూలిపోతాడు. ఇంత అసంభవమైన మరణంలో ఒక కళాకారుడి నిరాశ ఉంది. ఇది రాసినవాళ్లు, నటించినవాళ్లు, దాన్ని ఆ గాలి హోరులో చిత్రించినవాళ్లు ఎవరూ తమ పనిని తేలికగా తీసుకోలేదు.

ఇలాంటి కత్తియుద్ధపు చిత్రాలను జపాన్‌లో చాంబర అంటారు. కత్తులు తాకినప్పుడు వచ్చే చప్పుళ్ల నుంచే ఆ మాట పుట్టింది. నెత్తురు ఊటలా ఎగజిమ్మడం ఈ చిత్రాల గుర్తుగా మారడానికి దారి తీసిన దృశ్యం ఎవరిదో తెలిశాక నా అపరాధభావం సగం తగ్గింది. అది కురొసావాదే. 1962లో ఆయన తీసిన 'సంజురో' చివర తొషిరో మిఫునే, తత్సుయా నకదాయి ఎదురెదురుగా నిలబడతారు. చాలాసేపు ఇద్దరూ కదలరు. తర్వాత ఒకే ఒక్క కత్తివేటు, నకదాయి గుండె నుంచి నల్లని నెత్తురు పైపైకి ఎగసి కురుస్తుంది. దుస్తుల లోపల దాచిన గొట్టంలోంచి ఒత్తిడితో ద్రవాన్ని వదిలి ఆ దృశ్యం తీశారు. ఆ ధార అంత జోరుగా వస్తుందని ఎదురుచూడనివారి నిశ్చేష్టత తెర మీద కూడా కనిపిస్తుంది. నేను పగలు గర్వంగా చెప్పుకునే దర్శకుడూ, రాత్రి చాటుగా చూసుకునే చిత్రాలూ ఒకే ఊట నీళ్లు తాగినవాళ్లేనన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకీ రంగస్థలం కనిపిస్తుంది. 17వ శతాబ్దం చివర, ఇప్పటి టోక్యో అయిన 'ఎదో' నగరంలో మొదటి ఇచికావా దంజురో 'అరగొతో' అనే ఉద్ధత నటనాశైలిని ప్రసిద్ధం చేశాడు. ముఖం నిండా ఎర్రటి గీతలు, మనిషిని మించిన దుస్తులు, ఘట్టం పరాకాష్ఠకు చేరగానే కళ్లు మెల్లగా తిప్పి శిల్పంలా బిగుసుకుపోయే భంగిమ. ఆ భంగిమను 'మియె' అంటారు. అదే క్షణంలో పక్కనుంచి ఒకరు చెక్కదిమ్మలతో పలక మీద టకటకా కొడతారు. చాంబర చిత్రంలో కత్తివేటు తర్వాత ఇద్దరూ ఒక్క క్షణం కదలకుండా నిలబడి, ఆ తర్వాతే ఒకరు కూలిపోతారు చూడండి, అక్కడ నాకు ఆ మియెనే కనిపిస్తుంది. నటుడిని తాళ్లతో గాలిలో ఎగరేయడం, రెప్పపాటులో దుస్తులు మార్చడం వంటి తంత్రాలకు కూడా కబుకీలో 'కెరెన్' అని పేరుంది. వాటిని తక్కువ రకమైన కళగా చూసినవారు ఆ రోజుల్లోనూ ఉన్నారు. జనం మాత్రం వాటి కోసమే వచ్చేవారు.

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీవిరమణ చేసిన మా అక్కయ్యతో ఒకసారి ఈ సంగతి మాట్లాడాను. "అతిశయోక్తి దోషమని నీకు ఎవరు చెప్పార్రా? అది అలంకారం" అంది. అప్పటిదాకా నాకు తట్టని మాట అది. మన లాక్షణికులు అతిశయోక్తిని అలంకారాల పంక్తిలోనే కూర్చోబెట్టారు. భారత యుద్ధపర్వాలు తెలుగులో చదివినవాళ్లకు నెత్తుటి ఏరులూ, తెగిన చేతులు కెరటాల్లో తేలడమూ కొత్త కాదు. కవిత్వంలో వాటిని తలవంచి ఆస్వాదించినవాడిని, తెర మీద చూసి సిగ్గుపడటం ఎందుకో నాకు అర్థం కాలేదు.

1967లో సెయిజున్ సుజుకి తీసిన 'బ్రాండెడ్ టు కిల్' గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఉడుకుతున్న అన్నం వాసన లేనిదే బతకలేని ఒక హంతకుడు అందులో కింది అంతస్తు నుంచి నీటిగొట్టంలోకి తుపాకీ పేల్చి, పైన వాష్‌బేసిన్ దగ్గర వంగిన మనిషిని చంపుతాడు. ఆయన చిత్రాలు అర్థం కావడం లేదంటూ నిక్కత్సు సంస్థ 1968లో ఆయన్ను తొలగించింది. ఆయన కోర్టుకు వెళ్లాడు. 1971లో రాజీ కుదిరినా, మళ్లీ చలనచిత్రం తీయడానికి 1977 దాకా ఆగవలసివచ్చింది. అసంభవమైనదాన్ని తెరకెక్కించినందుకు ఒక మనిషి పదేళ్లు పోగొట్టుకున్నాడంటే, దాన్ని కాలక్షేపంగా కొట్టిపారేయడానికి నాకు మనసు ఒప్పదు.

అతిశయోక్తి నిలబడాలంటే దాని కింద నిజమైన శరీరం ఉండాలన్న సంగతి నాకు షినిచి చిబా చిత్రాలు చూశాక అర్థమైంది. సోనీ చిబాగా ప్రపంచానికి తెలిసిన ఆయన కరాటే నిజంగా నేర్చినవాడు. 1970లో జపాన్ యాక్షన్ క్లబ్ స్థాపించి పోరాటకళాకారులకు శిక్షణ ఇచ్చాడు. హిరోయుకి సనాదా అక్కడి శిష్యుడే. 1974 నాటి 'ద స్ట్రీట్ ఫైటర్'లో చిబా ఒకడి తల మీద పిడికిలితో మోదగానే తెర హఠాత్తుగా ఎక్స్‌రే చిత్రంగా మారి, లోపల కపాలం చిట్లడం కనిపిస్తుంది. ఆ హింస కారణంగానే అమెరికాలో ఆ చిత్రానికి పెద్దలకు మాత్రమే అనే ఎక్స్ ధ్రువపత్రం ఇచ్చారు. కొట్టే ముందు చిబా ఊపిరి బిగబట్టి, బొంగురుగా బుస కొడుతూ వదిలే తీరు చూస్తే, ఎదుటివాడి ఎముకలు విరగడం సహజమే అనిపిస్తుంది. 2021 ఆగస్టులో ఆయన చనిపోయిన వార్త చదివిన రాత్రి నేను ఆ చిత్రాన్నే మళ్లీ పెట్టుకున్నాను.

1999లో వచ్చిన తకాషి మీకే చిత్రం 'డెడ్ ఆర్ అలైవ్' ముగింపును మించిన ముగింపు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ చిత్రం మధ్యభాగమంతా నిదానంగా, విషాదంగా సాగే నేరకథ. పోలీసు పాత్రలో షో ఐకవా, నేరస్థుడి పాత్రలో రికి తకేయుచి. 1989 నుంచి జపాన్‌లో థియేటర్లకు వెళ్లకుండా నేరుగా వీడియోకు వచ్చే చౌక చిత్రాలు వెల్లువెత్తాయి. ఆ లోకానికి వీళ్లిద్దరూ పెద్ద తారలు, మీకే కూడా అక్కడే చేయి తిరిగినవాడు. చివరికి ఇద్దరూ ఖాళీ నేల మీద ఎదురుపడతారు. గుండ్లు తగిలినా చావరు. నుజ్జయిన తన చేతిని పోలీసు తానే పీకి పారేస్తాడు. వీపు వెనక నుంచి, ఎక్కడ దాచాడో తెలియదు, ఒక రాకెట్ లాంచర్ తీస్తాడు. ఎదుటివాడు తన గుండెలోంచి మండే వెలుగుముద్దను బయటికి లాగి విసురుతాడు. ఆ తర్వాత కెమెరా ఆకాశం నుంచి చూస్తుంది, భూమి మీద మంట వ్యాపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి నిలబడ్డాను. గంటన్నరపాటు కుటుంబాలు పోగొట్టుకుంటూ వచ్చిన ఇద్దరు మనుషుల పగకు ఈ భూమి చాలదని చెప్పడానికి అంతకంటే సూటి దారి నాకు తోచదు. ఆ ఇద్దరు నటుల ముఖాల్లో చిరునవ్వు నీడ కూడా లేదు.

ఆ గాంభీర్యమే నాకు కొలబద్ద. 2008లో నొబొరు ఇగుచి తీసిన 'ద మెషిన్ గర్ల్' ఆ కొలతకు నిలుస్తుంది. తమ్ముణ్ణి చంపినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లిన ఆమి చేతికి, దోషి ఇంట్లోవాళ్లు పిండి పట్టించి కాగే నూనెలో టెంపురాలా వేయిస్తారు. తర్వాత ఆ చేయి తెగిపోతుంది. కొడుకును పోగొట్టుకున్న మెకానిక్ దంపతులు ఆ మొండిచేతికి మెషిన్‌గన్ తయారుచేసి బిగిస్తారు. కథ ఎంత విడ్డూరమైనా, ఆమిగా నటించిన మినాసే యషిరో తమ్ముడి కోసం ఏడ్చే ఏడుపు నిజంగా ఏడ్చినట్టే ఉంటుంది. ఆ చిత్రానికి గాయాలూ నెత్తురూ తయారుచేసిన యొషిహిరో నిషిమురా అదే ఏడాది 'టోక్యో గోర్ పోలీస్'కు దర్శకత్వం వహించాడు. గాయమైన చోటల్లా ఆయుధం మొలిచే మనుషులు, తెగిన కాళ్ల నుంచి చిమ్మే నెత్తుటి వేగంతో గాలిలోకి లేచే పోలీసు అధికారి అందులో ఉన్నారు. కంప్యూటర్ బొమ్మలు లేవని కాదు, కానీ ఆ చిత్రాలను మోసేది లేటెక్స్ తొడుగులూ, గొట్టాలూ, పంపులే. దుస్తుల కింద గొట్టం ఎక్కడ పోనివ్వాలి, కత్తి తాకిన ఏ క్షణాన ధార వదలాలి, ఒకసారి తడిస్తే మళ్లీ పనికిరాని దుస్తుల్లో నటుడు ఎటు పడాలి అన్నది ముందే లెక్కగట్టుకున్న మనుషుల చేతిపని అది. నేను ఆ దృశ్యాలను ఆపి ఆపి చూసేది ఆ చేతిపని కోసమే.

తర్వాత కొన్నేళ్లలో ఈ రకం చిత్రాలు విదేశీ అభిమానులు జపాన్ నుంచి కోరుకునే వింతల కోసం తయారవడం మొదలైంది. నటులు కెమెరా వైపు చూసి నవ్వడం, మేము చేస్తున్నది వెర్రి పని అని ముందే చెప్పేయడం ఎక్కువైంది. అక్కడ నాకు ఆసక్తి చచ్చిపోతుంది. నమ్మనివాడు చెప్పిన అతిశయోక్తి వట్టి అబద్ధంగా మిగిలిపోతుంది.

అపరాధభావం పూర్తిగా పోయిందని అంటే అది నిజం కాదు. ఈ చిత్రాల్లో, నేను ఇంతసేపు మెచ్చుకున్న వాటిలో కూడా, ఆడవాళ్ల మీద అత్యాచారాన్ని కథ నడపడానికి ఒక వస్తువులా వాడుకున్న సన్నివేశాలున్నాయి. చాంబరలో నెత్తుటి ఊట అలంకారం, ఈ సన్నివేశాలు అలంకారం కావు. వాటిని ముందుకు జరిపేస్తాను. కొన్ని చిత్రాలు ఆ ఒక్క కారణంగానే రెండోసారి పెట్టలేదు. ముందుకు జరపడంతో నా బాధ్యత తీరిందని కూడా నేను అనుకోవడం లేదు. ఎవరికైనా ఈ చిత్రాలు చూడమని చెప్పేటప్పుడు ఈ సంగతి మొదటే చెబుతాను.

మన చిత్రాలను జపాన్‌వాళ్లు ఆదరించిన తీరు చూసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, ఆనందం కలిగింది. 'బాహుబలి 2'కు అక్కడ ప్రేక్షకులు కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు నడిచాయి. 2022 అక్టోబరు 21న అక్కడ విడుదలైన 'ఆర్ఆర్ఆర్', 1998 నుంచి 'ముత్తు' పేరిట ఉన్న భారతీయ చిత్రాల వసూళ్ల రికార్డును దాటింది. 2024 జనవరిలో, అందరూ స్త్రీలే నటించే తకరజుకా నాటకసంస్థ దాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. లారీలోంచి పులులతో కలిసి భీముడు దూకే దృశ్యాన్ని, మియె భంగిమకు చప్పట్లు కొట్టిన జనం మనవలూ మునిమనవలూ అందుకోలేకపోతారా?

అక్కయ్య పదేళ్ల కిందట ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచి, నా గది తలుపు దగ్గర ఆగి, "ఏంట్రా ఇది, మనుషుల్ని అరటిబోదెలు నరికినట్టు నరుకుతున్నారు?" అంది. నేను వెంటనే ల్యాప్‌టాప్ మూసేసి, ఏమీ లేదక్కా అన్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు నేనే పిలిచి కూర్చోబెట్టి, వేటిని ముందుకు జరుపుతానో ముందే చెప్పి, మొదటి చిత్రం పెట్టాను. బంతీ కత్తీ ఘట్టం వచ్చేసరికి చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. పిల్లవాడు బంతి వైపు చూస్తున్నప్పుడు, "వద్దు నాన్నా, అటు వెళ్లకు" అని తెరతో మాట్లాడింది. ఆ తర్వాత నెత్తురు చిమ్మిన చోటల్లా ముఖం తిప్పుకుంది, మళ్లీ చూసింది. చిత్రం అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

"ఇంకో అయిదున్నాయక్కా. తర్వాతి దాంట్లో ముల్లంగి దుంపలతో ఒక యుద్ధం ఉంది" అన్నాను.

"ముల్లంగి దుంపలతోనా?" అని నా వైపు చూసి, గోడ మీది గడియారం చూసి, దిండు వీపు వెనక సర్దుకుంది. అప్పటికి రాత్రి పదకొండున్నర. రెండోది పెట్టాను.